‘నేను’ అని రాసేవాళ్ళు

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీనగర్‌కు మధ్యన రెండే స్టేషన్లు: చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్. కింద రోడ్డు పట్టుకుని నడిస్తే మాత్రం అడుగడుగునా రాతకోతలే. గ్రూప్స్, డీఎస్సీ, కానిస్టేబుల్ కోచింగ్ బోర్డులు. ఎవరో రాసుకున్న క్లాసు నోట్సును పేజీల లెక్కన అమ్మే జిరాక్స్ దుకాణాలు. ఎల్బీనగర్ చేరాక రంగారెడ్డి జిల్లా కోర్టుల చుట్టూ టైపిస్టులు, నోటరీలు, స్టాంపు వెండర్లు. ఇంతమంది రాసి బతికే రోడ్డు మీద ‘రచయిత’ అన్న మాట వినపడేది బిట్ బ్యాంకులోనే. ‘యజ్ఞం’ కథా రచయిత ఎవరు? ఎ, బి, సి, డి. సరిగ్గా టిక్కు పెడితే మార్కు వస్తుంది. ఆ తరవాత రచయితతో పని లేదు.

ఈ సంవాదంలో ఇద్దరు. ఒకరు కొత్తపేటలో ఉండే పాత దస్తావేజు లేఖరి, నల్లగొండ జిల్లా మనిషి. రెండో మనిషి ఆయన తమ్ముడి కూతురు. చైతన్యపురి హాస్టల్లో ఉండి తెలుగు పండితుల డీఎస్సీకి చదువుతోంది, కథలు రాస్తుంది. ఒక సీరియల్‌కు వేరొకరి పేరు మీద ఎపిసోడ్లు రాసిపెట్టమని ఆమెను అడిగారు. కాదంది. ఆదివారం పూట పెదనాయిన ఇంట్లో ఆ సంగతి చెప్పేసరికి మొదలైంది. నేను విన్నవాణ్ణి. వాళ్ళ భాష జోలికి పోలేదు. అక్కడక్కడా తల మాత్రం దూర్చాను.

లేఖరి: పైసలిస్తనన్నరు గదా బిడ్డా. ఎందుకు వద్దన్నవు?

కథకురాలు: కథ నాది, మాటలు నావి, తెర మీద పేరు ఇంకొకాయనది. అట్లెట్ల రాస్త పెదనాయినా?

లేఖరి: నా జిందగీ అంత రాసింది గట్లనే. ‘నేను నా కుటుంబ అవసరముల నిమిత్తము’ అని మొదలువెడ్త. ఆ ‘నేను’ నేను గాదు. అమ్మేటోడు. పొద్దుగాల ఓ విధవరాలినైత, పగటాల్ల ఓ సర్పంచునైత, సాయంత్రానికి అమెరికాల ఉన్న కొడుకుకు జీపీఏ హోల్డర్నైత. అడుగున మూలకు దస్తూరి అని నా పేరుంటది. కేసయితే తప్ప దాన్నెవ్వడు చూడడు.

కథకురాలు: కేసయితే చూస్తరు గదా. నేననేది అదే. ఇది రాసిందెవరు అని ఎవరన్న అడిగిననాడు, నేనే అని నిలబడెటందుకు పేరుండాలె. సీరియల్ల రాసేది తప్పయితే ఆయన తిట్లు తింటడు, మంచిదైతే ఆయన దండలేసుకుంటడు. రెండిట్ల నేను లేను. మరి నేనేం రాసినట్టు?

లేఖరి: నీకు దండ గావాలె. ఒప్పుకో.

కథకురాలు: దండ గాదు, తిట్లు గూడ గావాలె.

లేఖరి: చిన్నప్పుడు చందమామ చదివినవు గదా. మా కాలంల ‘తోకచుక్క’ వస్తుండె, సీరియల్. నెలంత ఎదురు చూసెటోళ్ళం. రాసింది దాసరి సుబ్రహ్మణ్యం. ఆ పేరు మాకు తెల్వనే తెల్వదు. పత్రికల వెయ్యలే. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980ల చనిపోయేదాక ఆ పత్రికలనే పన్జేసిండు. ఆయన కలం వడ్డ కథలెన్నో, పేరు లేకుండ. ఆ కథలు చదివి మేం తెలుగు నేర్సినం. నీ లెక్కన వాళ్ళు రచయితలు గాదా?

కథకురాలు: కుటుంబరావుకు చందమామ బయట పేరుండె గదా. సొంత నవలలు, కథలు, వ్యాసాలు అన్నిట్ల పేరు ఉన్నది. సుబ్రహ్మణ్యం సంగతి చెప్పు. ఆ సీరియళ్ళు ఆయనవని ఎన్నేండ్లకు తెలిసింది జనానికి? పెద్దగయినంక పాత పాఠకులే ఎతికి ఎతికి బయటికి తీసిన్రు. తెలిసినంక సంబురపడ్డరు. పేరుతోని పనే లేకపోతే ఎందుకెతికిన్రు?

లేఖరి: ఎతికింది వాళ్ళ సరదా. ఆయన అడిగిండా?

ఇక్కడ నా మాట ఒకటి. చందమామకు పేరు లేకపోవడం ఒక పద్ధతి. పాత కథను తిరగచెప్పేటప్పుడు చెప్పేవాడు అడ్డం రాకూడదన్న పద్ధతి. ఒకరి రాతను ఇంకొకరి పేరున వేయడం వేరు. పెదనాయిన ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తున్నాడు. ఆ మాటే అన్నాను. ‘మీరు కూసోండి సార్’ అన్నాడు.

కథకురాలు: పేరు రాయకపోతే ఏమైతదో మన దిక్కే చూడు. తెలంగాణల కవులు లేరని ఒకాయన అన్నడు. సురవరం ప్రతాపరెడ్డి కోపం దెచ్చుకోని ఊకోలె. గోలకొండ పత్రిక చేతులున్నది, ఊరూరికి కబురు పంపిండు. 1934ల ‘గోలకొండ కవుల సంచిక’ తెచ్చిండు. 354 మంది. లేరన్నోనికి జవాబు వ్యాసం గాదు, పేర్ల పట్టీ. ఆ 354 మందిల గొప్పోళ్ళెందరు, మామూలోళ్ళెందరు అనేది తర్వాతి లెక్క. పేరు అచ్చుల లేకుంటే మనిషే లేడంటరు.

లేఖరి: అది పహాణీల పేరెక్కించుడసుంటిది. కబ్జా కాలంల పేరు లేకుంటే దున్నేటోడు దున్నుతున్నా లేనట్టే. నాకు తెలుసు. అయినా 354 మంది పేర్లకు నిలబడ్డది ఎవరు? సురవరం. ఆయన ఎంచిండు, అచ్చేసిండు. నీకు అసుంటి మనిషి దొరికేదాక నువ్వు రాసింది డబ్బాల ఉంటది.

కథకురాలు: డబ్బాలుంటే ఉండని. ఇంకో సంగతి చెప్త. నా గైడ్ల ‘తెలుగులో తొలి కథ’ అంటే దిద్దుబాటు, గురజాడ, 1910 అని ఉన్నది. ఇంకో గైడ్ల భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’, 1902 అని ఉన్నది. ఎనిమిదేండ్ల ముందు. అచ్చమాంబ 1905ల సచ్చిపోయింది, ముప్పై ఏండ్లకే. పేరుతోనే అచ్చయిన కథ. అయినా ఇన్నేండ్లు లెక్కల రాలే. పేరుండంగనే ఇట్లయితే, పేరే లేకుంటే?

లేఖరి: పరీక్షల ఏది టిక్కు పెడ్తవు?

కథకురాలు: కీ చూసి పెడ్త.

లేఖరి: ఆఁ. చూసినవా!

(ఇద్దరూ నవ్వారు. ఆమె నవ్వులో కాస్త విసుగుంది. సర్కారు కొలువుకూ నిజానికీ మధ్య ఒక మార్కు దూరమని దిల్‌సుఖ్‌నగర్ పిల్లలకు ఎవరూ ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు.)

లేఖరి: పేరు ముచ్చట ఇడ్సిపెట్టు. ఆడోళ్ళ నవలలు జోరుగ నడిచిన కాలంల మొగోళ్ళు ఆడోళ్ళ పేర్లు పెట్టుకోని రాసిన్రు. ‘ఇల్లాలి ముచ్చట్లు’ పురాణం సీత రాసిందని మా ఇంటామె ఎంత ఇష్టంగ చదివేది! పురాణం సుబ్రహ్మణ్యశర్మ అని తర్వాత తెలిసింది. ఆమె ఇష్టం తగ్గలే. పేరు తొడుగు బిడ్డా. అసలు సంగతి వేరే ఉన్నది. నీ రాత ఎవరికి అవసరం?

కథకురాలు: అంటే?

లేఖరి: నా దగ్గరికి వచ్చేటోనికి నా రాతతోని పనుంటది. తూర్పున ఫలానా వారి ఇల్లు, పడమట ఇరవై ఫీట్ల రోడ్డు, ఉత్తరాన, దక్షిణాన. తూర్పు, పడమర తారుమారైతే ఇద్దరు అన్నదమ్ములు కోర్టుల పడ్తరు. ఎకరానికి నలభై గుంటలు, గుంటకు నూట ఇరవై ఒక్క గజాలు. ఈ పట్నంల ఒక్క గజం తప్పు రాస్తే వాని కష్టార్జితం అంత పాయె. తప్పు వడితే సవరణ దస్తావేజు రాయాలె, మళ్ళ ఖర్చు, మళ్ళ అందరు రావాలె, అందుల ఒకాయన అప్పటికి చచ్చిపోయుంటడు. గందుకని ప్రతి అక్షరం చూసుకోని రాస్త. నువ్వు కథల తూర్పును పడమర చేస్తే ఎవనికి నష్టం? నష్టం లేని రాత ఏం రాత?

కథకురాలు: నిన్ను అడిగి రాయించుకుంటరు. నన్నెవ్వరు అడగరు. నాకు అదే తేడా. ఎవ్వరు అడగకపోయినా రాయాలనిపించినోళ్ళే రచయితలు.

లేఖరి: అలిశెట్టి ప్రభాకర్ నీకు ఇష్టం గదా.

కథకురాలు: చాలా.

లేఖరి: జగిత్యాల నుంచి వచ్చి ఈ హైదరాబాద్‌ల స్టూడియో పెట్టుకోని ఫోటోలు తీసి బతికిండు. ఆంధ్రజ్యోతిల ‘సిటీ లైఫ్’ అని చిన్న చిన్న కవితలు రాస్తుండె. నేను కత్తిరించి దాసుకున్న. పేపరోళ్ళు జాగా ఇచ్చిన్రు, ఆయన రాసిండు. గీత గీసిచ్చిన జాగల నాలుగు పంక్తులు. అడిగితే రాసినట్టే గదా? నా స్టాంపు కాగితం లెక్కనే గదా?

కథకురాలు: ...జాగా వాళ్ళిచ్చిన్రు. ఏం రాయాలెనో వాళ్ళు చెప్పలే.

లేఖరి: గదీ. ఇప్పుడు ఒక అడుగు ముందటికి వచ్చినవు. అడుగుడు తప్పు గాదు. ఏం రాయాల్నో చెప్పుడు తప్పంటున్నవు.

ఆమె తడుముకున్న చోటు అదొక్కటే. ప్రభాకర్ 1993 జనవరి 12న, తన పుట్టిన రోజునే, క్షయతో పోయాడు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఎత్తలేదు. పేదరికాన్ని రచయితకు బిరుదులాగా తగిలించే అలవాటు మనకుంది. ఆ పని చేయనందుకు ఇద్దరి మీదా గౌరవం పెరిగింది.

కథకురాలు: బతుకుదెరువు వేరే ఉంటే పేరు కోసం ఆగొచ్చు, అది నాకు తెలుసు. వట్టికోట ఆళ్వారుస్వామిది మీ దిక్కే గదా, నకిరేకల్ దిక్కు. ఇండ్లల్ల వంట జేసిండు, హోటల్ల సర్వరు పన్జేసిండు, ప్రూఫులు దిద్దిండు. 1938ల దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు మోసుకపోయి అమ్మిండు. జైలుకు పోయిండు. ‘ప్రజల మనిషి’ నవల ఆ తర్వాత. వంట జేస్తున్ననాడు ఆయన రచయిత గాదా?

లేఖరి: వంట జేస్తున్ననాడు వంటోడు. ప్రూఫులు దిద్దుతున్ననాడు ప్రూఫుల మనిషి. నవల రాసిననాడు రచయిత. నేను గట్లనే చూస్త. నువ్వు పుట్టుకతోనే ఉండే బొట్టు లెక్క అనుకుంటున్నవు రచయితంటే.

కథకురాలు: మరి కాళీపట్నం రామారావు మాస్టారు? కొద్ది కథలు రాసిండు, తర్వాత ఏండ్లకేండ్లు రాయలే. అందరి కథలు పోగేసి 1997ల శ్రీకాకుళంల కథానిలయం పెట్టిండు. నీ లెక్కన రాయని ఏండ్లల్ల ఆయన ఎవరు? లైబ్రరీ మనిషా?

లేఖరి: లైబ్రరీ మనిషే. ఏం, తక్కువా?

కథకురాలు: తక్కువని నేనన్ననా? రాయకుండ ఉండుడు గూడ రాసుడులనే ఒక భాగం అంటున్న. చెప్పేటిది లేనప్పుడు ఆగిండు. నీకు ఆగుడు లేదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెరిసినంకాల రాస్తనే ఉంటవు.

లేఖరి: నాకు ఆగుడు లేదని ఎవరన్నరు? రాయనని ఎందర్ని ఎల్లగొట్టిన్నో నీకేం ఎరుక. చచ్చిపోయినామె వేలిముద్ర తెచ్చినోళ్ళున్నరు. పాత స్టాంపు కాగితం దొరకబట్టి వెనక తేదీ ఎయ్యమన్నోళ్ళున్నరు. ఈ ఎల్బీనగర్ చుట్టు చెరువు శిఖం భూమిల ప్లాటుకు హద్దులు రాయమన్నోళ్ళయితే లెక్కనే లేదు. నేను పంపితే పక్క బల్ల కాడికి పోయిన్రు, పక్కాయన రాసిండు, ఆయనకు మూడంతస్తుల బిల్డింగున్నది. కొట్టివేతల సంగతి చెప్పాల్నా? నువ్వు కథల ఓ పేజీ కొట్టేస్తే ఎవ్వనికి తెల్వదు. నా కాడ ఒక్క మాట కొట్టేస్తే ఆ కొట్టేసిన కాడ రాసిచ్చేటోడు సంతకం పెట్టాలె. 1908 రిజిస్ట్రేషన్ చట్టం, 20వ సెక్షన్. కొట్టివేత గూడ దస్తావేజే.

ఈ సెక్షన్ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. ఖాళీలు, దిద్దుళ్ళు, వరుసల మధ్య ఇరికించినవి, కొట్టివేతలు, వీటి పక్కన సంతకమో పొడి సంతకమో లేకపోతే అధికారి దస్తావేజును తిరగ్గొట్టవచ్చు. మన నవలలకు ఇలాంటి చట్టం ఉంటే ఎన్ని పేజీల అంచులు సంతకాలతో నిండేవో. ఇప్పుడు దస్తావేజులూ కంప్యూటర్లోనే టైపవుతున్నాయి, కొట్టివేతలు కనపడవు. కథలూ అంతే. ఆ ముక్క పైకి అనేలోపు ఆమె అసలు విషయానికి వచ్చింది. ఇద్దరికీ మధ్య మొదటినుంచీ నలుగుతున్నది అదేనని నాకు అప్పుడు తెలిసింది.

కథకురాలు: పెదనాయినా, నేను ఓ కథ రాసిన. నువ్వు ఓసారి చెప్పినవు సూడు, కొడుకు కోసం బాయికాడి భూమి అమ్మిన ముసలామె. ఆమె కథ.

లేఖరి: చదివిన. మీ నాయిన ఫోన్ల పంపిండు.

కథకురాలు: చదివి ఒక్కమాట గూడ చెప్పవైతివి!

లేఖరి: ఏం చెప్పాలె? నీకు ఆమె చెప్పలే, నాకు చెప్పింది. దస్తావేజు రాయించుకునేటోడు నా ముందు కూసోని అన్నీ చెప్తడు. ఎందుకు అమ్ముతున్నడు, ఎవరికి బాకీ, బిడ్డ కాపురం సంగతి, అన్నీ. నేను అందుల కావల్సినంత రాసి మిగిలింది నా కడుపుల పెట్టుకుంట. ఓనాడు తిన్నంక ఊకోలేక నీకు చెప్తే, నువ్వు దాన్ని కథ జేసినవు. ఇష్టం లేకుండ తీసుకున్న భూమికి ఏమంటరో నీకు తెలుసు.

కథకురాలు: ఊరి పేరు మార్చిన. ఆమె పేరు మార్చిన. కొడుకును బిడ్డను జేసిన.

లేఖరి: హద్దులు మార్చలే. బాయి, చింతచెట్టు, పక్క పొలం పటేలుది. ఆ ఊరోడు ఎవడు చదివినా గుర్తుపడ్తడు.

కథకురాలు: అయితే నష్టం ఉన్నట్టే గదా నా రాతకు! ఇందాక నష్టం లేని రాత ఏం రాత అంటివి.

లేఖరి: ...మాటలు బాగ నేర్సినవు.

కథకురాలు: నువ్వు ఆ దస్తావేజుల ఏం రాసినవు? ‘ఎవరి ప్రోద్బలము, బలవంతము లేకుండా, నా పూర్తి ఇష్టముతో’ అని రాసినవు గదా. ఆమె ఇష్టంతోనే అమ్మిందా?

లేఖరి: ఆ మాట లేకుంటే దస్తావేజు నిలవదు.

కథకురాలు: నిలవదు, నాకు తెలుసు. అది తప్పని నేనంటలేను. ఆ మాట రాయకుంటే పైసలు రావు, కొడుకు ఆపరేషన్ కాదు. నీ రాత ఆమె పని నడిపించింది. కానీ ఆమె ఇష్టం ఏందన్నది ఆ కాగితంల పట్టదు. పట్టనిది ఎక్కడన్న ఉండాలె గదా. నన్నెవ్వరు అడగలేదన్నది నిజమే. ఆమె గూడ అడగలే. అయినా నేను జవాబు చెప్పుకోవాల్సింది ఆమెకే. అడిగినోళ్ళకు జవాబు చెప్పుడు నీ పని. అడగనోళ్ళకు చెప్పుడు నా పని. సీరియల్ వద్దన్నది గూడ గందుకే. అందుల నేను ఎవ్వరికీ జవాబు చెప్పేది లేదు.

లేఖరి చాలాసేపు ఏమీ అనలేదు. ఓడిపోయి మాత్రం కాదు. ఆయన ముఖం చూస్తే, వేలిముద్ర వేయించే ముందు దస్తావేజు పైకి చదివి వినిపించేటప్పుడు తట్టిన తప్పును ఎలా చెప్పాలా అని చూస్తున్నట్టుంది.

లేఖరి: కథల చివరికి ఆమె ఏడ్సిందని రాసినవు. రిజిస్ట్రార్ ఆఫీసు మెట్ల మీద కూసోని ఏడ్సిందని.

కథకురాలు: ఆఁ.

లేఖరి: ఏడ్వలే. నవ్వింది.

కథకురాలు: ఏంది?

లేఖరి: వేలిముద్ర ఏసి, వేలు కొంగుకు తుడుసుకోని, నవ్వింది. మంచిగ నవ్వింది. పక్కనున్న కొడుకు బిత్తరపోయిండు. నేను నీకు ఆ ముక్క చెప్పలే. నువ్వు అడగలే. భూమి అమ్ముకున్న ముసలామె ఏడుస్తదని నీకు నువ్వే అనుకున్నవు. నేను రాసిన ‘పూర్తి ఇష్టము’ ఎట్లనో, నీ ఏడుపు గట్లనే. ఫారంల ఉండే మాట.

కథకురాలు: ...ఎందుకు నవ్వింది?

లేఖరి: నేనడగలే. అది అడుగుడు నా పని గాదు.

కథకురాలు: ఆమె ఉన్నదా?

లేఖరి: ఉన్నది. మొన్న మనుమరాలి పెండ్లి పత్రిక పంపింది.

కథకురాలు: ఊరు చెప్పు.

లేఖరి: చెప్తే కథ మారుస్తవా?

కథకురాలు: ముందుగాల పోయి నేను రాసింది ఆమెకు చదివి వినిపిస్త. వద్దంటే తీసేస్త.

లేఖరి: తీసేస్తే ఊకెనే గాదు. కొట్టేసిన కాడ ఆమె వేలిముద్ర తీసుకరా.

ఊరి పేరు చెప్పాడు. నేను ఇక్కడ రాయను. ఆదివారమే పోతానంటే, ఆదివారాలు ఆమె చర్చికి పోతుంది, శనివారం పొమ్మన్నాడు. ఎల్బీనగర్ చౌరస్తాలో నల్లగొండ బస్సు ఎక్కితే చాలు, మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు మాత్రం ఒరిజినల్‌దే దగ్గర పెట్టుకొమ్మన్నాడు. శనివారం గ్రాండ్ టెస్ట్ ఉంది పెదనాయినా అంది ఆమె. అయితే పై శనివారం అన్నాడు.